గొళ్లెం లేని డేరా

మా అక్క ఎవరింటికి పోయినా ముందుగాల పలకరించేది తలుపును. గొళ్లెం పట్టుకొని ఇటూ అటూ ఆడిస్తది, గడియ సక్కగ పడుతదా లేదా చూస్తది, ఆ తర్వాతనే మనుషుల దిక్కు తిరిగి "బాగున్నరా" అంటది. తన చిన్నబిడ్డకు సంబంధం చూడ పోయిన ఇంట్ల కూడ ఇదే కథ. పిల్లగాని తల్లి నీళ్ల చెంబు పట్టుకొని ఎదురొస్తె, ఈమె తలుపు ఎనకాల నిలబడి గడియ గుంజుతున్నది.

జాంబియాల మా ఇంటికి వచ్చిన దినం కూడ అంతే. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి విమానం ఎక్కింది, సముద్రం దాటింది, చేతిల పెట్టె ఇంకా కింద పెట్టలే, తలుపుకాడ ఆగింది.

"గిదేం గొళ్లెమే, అగ్గిపుల్ల లెక్కున్నది."

"ఇంత దూరం వచ్చినవ్, ముందుగాల చెల్లె ముఖం చూడవా?"

"నీ ముఖం ఏడికి పోతది? చిన్నప్పటి సంది చూస్తనే ఉన్న."

మా ఆయన అక్కడ సర్కారు బడిల లెక్కల మాస్టరు. కాంట్రాక్టు మీద పోయిండు. నేను ఇక్కడ కాలేజీల చెప్పే చరిత్రనే అక్కడ ఆడపిల్లల బడిల చెప్తుంటి. అక్క రెండు నెలలు ఉండిపోదామని వచ్చింది. ఆమె వస్తున్నదని తెలిసిన దినం నుంచే నాకొక ఆలోచన పుట్టింది. ఆమెను అడవిల, డేరాల పండబెట్టాలె.

ఎందుకంటె మా ఇద్దరి మధ్య ఒక పాత పంచాయితి ఉన్నది. రజాకార్ల దినాలల్ల నాకు ఐదేండ్లు, ఆమెకు పన్నెండు. బాపు సంఘంల చేరి గుట్టల పొంట తిరుగుతుండె. ఇబ్రహీంపట్నంల లారీ చప్పుడైతె చాలు, మా ఇంటి మీదికే వస్తున్నరని అమ్మకు గుండె దడ. ఆఖరికి మమ్మల్ని తీసుకొని కందుకూరు బాట దిక్కున్న చింతతోపుకు పోయింది. ఇంకొన్ని ఇండ్లోళ్లు కూడ వచ్చిరి. మా వాడకట్టుల దూది ఏకే అత్త కూడ వచ్చింది. వాళ్లది ముసల్మానుల ఇల్లే, అయితె ఆమె పెనిమిటి రజాకార్లల్ల చేరనని మొండికేసి పట్నం పారిపోయిండు. ఇగ ఆమెకు కూడ ఊర్ల ఉండే దారి లేకపాయె.

ఆ తోపుల ఉన్న దినాలు నాకు పండుగ. బండి కింద బొంత, పైన చింతకొమ్మలు, కొమ్మల సందుల చుక్కలు. అందరి పిల్లలం ఒక్క తావుల కూసొని జొన్నరొట్టె తినుడు. అత్త నాకు దూదితోని బొమ్మ చేసిస్తుండె, అది వానకు నానితె ఇంకోటి చేస్తుండె. పొద్దు గూకకముందే పొయ్యి మీద మన్ను పోయాలె, మంట దూరానికి కనబడొద్దని. ఆ పని మా అక్కది. ఆమె తడిమన్ను పోస్తుంటె బుస్సుమని ఆవిరి లేస్తుండె, నేను చప్పట్లు కొడుతుంటి. నా బతుకుల మొదటి పిక్నిక్ అదేనని క్లాసుల పిల్లలకు చెప్తుంటి.

అక్క ముందట ఆ మాట అంటె మాత్రం కొంప మునుగుతది.

"పిక్నిక్కట పిక్నిక్కు! నీకు సదువు ఎక్కువైంది," అని లేచి పోతది. పోయి తలుపు గొళ్లెం వేస్తది. అందుకే నేను ఒక నిర్ణయానికి వచ్చిన. తోపుల పడ్డ భయమే ఈమెకు గొళ్లెం లెక్క పట్టుకున్నది, ఒక్క రాత్రి ఆకాశం కింద పండుకుంటె వదులుతది. వదిలితె నేను గెలిచినట్టు.

ఈ మాట ఆమె ముఖం మీదనే చెప్పిన. చాటుమాటు పనులు నాకు రావు.

"గెలుపేందే? నేనేమన్న నీతోని కచ్చకాయలు ఆడుతున్ననా?"

"ఒక్క రాత్రి. పండకపోతివా, తెల్లారంగనే జీపు తిప్పుకొని ఇంటికొద్దాం. పండితివా, తోపు సంగతి నేను చెప్పినట్టే ఒప్పుకోవాలె."

మా ఆయన అడ్డం వచ్చిండు. "వదినెను ఎందుకు సతాయిస్తవ్? నాకు దొరికేదే ఒక్క ఆగస్టు సెలవు. ఒక్క రాత్రికే తిరిగొచ్చేటట్టయితె ఇంత పెట్రోలు ఎందుకు పోసుడు?"

"మీరు జర ఆగుండ్రి సారూ," అన్నది అక్క. బడిపంతులు కాబట్టి ఆయన్ని సారు అనే పిలుస్తది, సగం మర్యాద, సగం ఎటకారం. "ఇది మా ఇద్దరి లెక్క. ఒక్క రాత్రి అంటున్నది గద, చూద్దాం. పండకపోతె దీని నోరన్న మూతపడుతది."

మేముండే లుసాకా నుంచి లువాంగ్వా నది కాడి జంతువుల పార్కుకు పోవాలంటె తూర్పు బాట పట్టి చిపాటా దాక పోయి, అక్కడి నుంచి మట్టిబాట. ఒక పాత జీపు అడిగి తెచ్చుకున్నం. తోలేది నేను. మా ఆయనకు లెక్కలొస్తయి గని గేరు మార్చుడు రాదు. ముందు సీట్ల కూసొని మ్యాపు చూస్తడు, అది కూడ తలకిందులు పట్టుకొని. మట్టిబాట అంత అలలు అలలుగ ఉంటది, జోరుగ పోతె తేలిపోతం, మెల్లగ పోతె పండ్లు ఊడుతయి. ఎనుక సీట్ల అక్క బియ్యం మూట, నీళ్ల క్యాన్లు, ఊరగాయ సీసా నడుమల ఇరుక్కొని కూసున్నది.

"మొగోడు కాయితం చూస్తడు, ఆడిది బండి తోల్తది. మన ఊర్ల చెప్తె నమ్ముతరా?"

"నువ్వు చెప్పకు. నేనే చెప్త."

గేటుకాడ గార్డు వాళ్ల నియమాలు చెప్పిండు. దారిల బండి దిగొద్దు. మసక పడ్డంక నదికాడికి పోవద్దు. డేరా ముందట నిప్పు తెల్లారేదాక ఉండాలె, ఆర్పొద్దు. డేరాల పండ్లు పెట్టుకోవద్దు, ఏనుగులు వాసన పడుతయి. నేను ఒక్కొక్కటి తెలుగుల చెప్పిన. అక్క బుద్ధిమంతురాలి లెక్క తలూపింది. అరటిపండ్లు, సంత్రలు తెచ్చినమా అని నన్నే గద్దించి అడిగింది. మొత్తం తీసి గార్డుకిచ్చినం.

లోపటికి పోయినంక మా అక్క ఇంకో మనిషయింది. నేను అనుకున్నదేంది, భయపడి చీర కొంగు నోట్ల కుక్కుకుంటదని. ఆమె అద్దం దించి మెడ బయటపెట్టి, "ఆపవే, ఆపు," అంటది. జింకల మందను చూసి, "ఇన్ని ఉంటె కాపరి ఎవ్వలు?" అంటది. నీళ్ల గుర్రం నది గడ్డ మీద ఎండకు పండుకుంటె, "బర్రె గిట్ల బలిసిందంటె మేత ఎట్ల దొరుకుతదే?" అంటది. జిరాఫీ కాడ మాత్రం మెడ ఇంకింత బయటికి చాపింది. అది నీళ్లు తాగనీకి ముందరి కాళ్లు రెండు దిక్కులకు చాపింది, చాపి మెడ వంచింది, మళ్ల భయపడి లేచింది. మళ్ల చాపింది.

"పాపం, ఒక్క గుక్క తాగనీకి ఎంత తిప్పలే," అన్నది. "మెడ పొడుగుంటె మంచిదే అనుకున్న. ఉండు, ఇంకొద్దిసేపు ఉండు. తాగిందా లేదా చూడాలె."

అది తాగేదాక మేము కదలలే. మా ఆయన గడియారం చూసి మూతి తిప్పిండు.

డేరా వేసుకునే తావు నది ఒడ్డుకు. కంచె లేదు, గోడ లేదు. నాలుగు పెద్ద చెట్లు, రాళ్లు పెట్టిన నిప్పుల గుంత. నేను జీపు ఆపుతుంటెనే అక్క అరిచింది.

"చింతచెట్టే!"

నిజంగనే చింతచెట్టు. ఆకు అదే, బెరడు అదే, కింద రాలిన కాయలు అవే. నాకు నోట్ల నీళ్లూరినయి. మా ఆయన, చింత పుట్టిల్లు ఈ ఆఫ్రికానేనని ఎక్కడనో చదివిండట, చెప్పిండు.

"ఏంది, మన చింతచెట్టు ఈడి నుంచి వచ్చిందా? సారూ, మీరు లెక్కలు చెప్పుకోండ్రి. మా తోపుల చెట్లు మా తాత పుట్టకముందటియి."

"చెట్టుకు తాతలు కాదు వదినె, వేల ఏండ్లు..."

"వేల ఏండ్ల కింద మీరు చూసిండ్రా?"

ఈ విషయంల నేను అక్క దిక్కే మాట్లాడిన, తప్పని తెలిసి కూడ. పుస్తకం చెప్పింది నిజమే కావచ్చు గని, ఆ చెప్పే తీరుకు నాకు ఒళ్లు మండింది.

వాళ్లిద్దరు కొట్లాడుతుంటె నేను డేరా గుంజలు పాతిన. ఆ నడుమల అక్క చేసిన పని నేను చూడలే. నేల మీద పండిన చింతకాయ పడి ఉంటె వదిలిపెట్టి వచ్చే ఆడది మా దిక్కు ఇంకా పుట్టలే. తువ్వాల నిండ ఏరి, మూట కట్టి, డేరాల తన తలగడ పక్కన పెట్టింది. గార్డు చెప్పింది మరిచిపోయి కాదు. పండ్లంటె అరటిపండ్లు, సంత్రలు. చింతపండు వంట సామాను గద! బియ్యం, ఉప్పు, కారం, దాంతోని అది. తర్వాత అడిగితె ఇదే జవాబు చెప్పింది.

పొద్దు వాలుతుంటె మక్కపిండితోని రొట్టెలు చేసినం. ఊరగాయ వేసుకొని తిన్నం. నది ఎర్రగైంది, నీళ్ల గుర్రాలు ముసలోళ్లు నవ్వినట్టు గురగురమన్నయి. అక్క లేచింది. చెయ్యి కడుక్కున్నది. ఆ నీళ్లకు తడిసిన ఇసుక రెండు దోసిళ్లు తీసి నిప్పుల మీద పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది.

"వదినె, వదినె! ఆర్పొద్దన్నరు గద!" మా ఆయన ఉరికొచ్చిండు.

నేను ఉరకలే. రొట్టె చేతిలనే పట్టుకొని చూస్తున్న. ఆ బుస్సుమనే చప్పుడు నాకు ఎన్నో ఏండ్ల తర్వాత వినొచ్చింది. చప్పట్లు కొట్టబోయి ఆగిన.

"చూసినవా?" అన్న. "ఇంకా ఆ భయమే. ఎవడన్న మంట చూస్తడని. రాసిస్త, ఈ రాత్రి నువ్వు పండవు."

"భయమేందే? తిన్నంక పొయ్యి ఆర్పకుంట ఎట్ల ఉంటరు? ఇల్లుగలదాని పనేనా అది?"

మా ఆయన మోకాళ్ల మీద కూసొని ఊది ఊది మళ్ల మంట చేసిండు. అక్క ఆయన్ని చూసి తల కొట్టుకున్నది, కట్టెలు దండుగ అని.

డేరా ఇద్దరికే సరిపోతది. మా ఆయన జీపుల పండుకుంటనన్నడు. అక్క వంగి లోపటికి పోయి, అలవాటు ప్రకారం తలుపుకాడ ఆగింది. అది తలుపు కాదు, గుడ్డ, దానికి జిప్పు. జిప్పు కిందికి గుంజింది, మీదికి గుంజింది.

"దీనికి గొళ్లెం లేదా?"

"లేదు," అన్న, నా గొంతుల జర సంబురం కూడ ఉండవచ్చు. "గొళ్లెం లేదు, గడియ లేదు. గుడ్డ ఒక్కటే."

ఆమె ఇంకోసారి జిప్పు చూసింది. "అట్లనా," అన్నది. పోయి పండుకున్నది. నేను చెప్పులు విప్పేలోపల గురక.

నిద్ర పట్టనిది నాకు. ప్రతి చప్పుడుకు లేచి కూసున్న. నవ్వే జంతువు ఏది, దగ్గే జంతువు ఏది, మా డేరా తాళ్లు గోకుతున్నది ఏది అని చెవులు రిక్కించి విన్న. పిక్నిక్ అని దేశమంత చెప్పుకునేదాన్ని నేను, చుక్కలు చూడనీకి జిప్పు తీసే ధైర్యం నాకే లేకపాయె. అక్క మాత్రం ఇటు నుంచి అటు కూడ మర్లలే.

తెల్లారుతుంటె ఇగ జర కన్ను అంటుకుంటున్నది. అప్పుడు డేరా గోడ కింద నుంచి ఏదో లోపటికి వచ్చింది. అది పాతకాలపు డేరా, కింద పరిచిన పట్టా వేరు, గోడ వేరు. వచ్చింది బూడిద రంగుది, మందంగ ఉన్నది, కొసకు రెండు వేళ్ల లెక్క. ఆ వేళ్లు పట్టా మీద తడుముకుంట, ఉఫ్‌మని ఊపిరి విడుచుకుంట అక్క తలగడ దిక్కు పోతున్నయి. తొండం. నేను అరవనీకి నోరు తెరిచిన.

అరుపు రాలే. నా నోటి మీద అక్క చెయ్యి ఉన్నది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పెట్టిందో. గట్టిగ కాదు, కొద్దిగ వంకరగ, ముక్కుకు ఊపిరి ఆడేటట్టు. అట్ల మూసుడు నేర్చుకున్న చెయ్యి. నాకు ఐదేండ్లప్పటి వాసన కూడ వచ్చినట్టయింది, పొగ, మన్ను.

ఆమె రెండో చేత్తోని తువ్వాల మూటను పట్టుకున్నది. తొందర లేదు. పాపను ఊయలల పెట్టినట్టు మెల్లగ నేల మీద జరిపింది, తొండం కొసకు తగిలేదాక. ఆ రెండు వేళ్లు మూటను పట్టుకొని బయటికి గుంజుకున్నయి. గుడ్డ పరపర చినిగింది. నమిలిన చప్పుడు చానాసేపు వినొచ్చింది. ఆ తర్వాత కాళ్ల చప్పుడు లేకుంటనే అది పోయింది. అంత పెద్ద జంతువుకు కాళ్ల చప్పుడు ఎట్ల లేదన్నది నాకు ఇప్పటికీ అర్థం కాలే.

"తువ్వాల కొత్తదే," అన్నది అక్క, చెయ్యి తీసి.

జీపుల నుంచి మా ఆయన దిగొచ్చిండు. అంత చూసిండట, అరుద్దామంటె దానికి కోపమొస్తదని కూసున్నడట. నేను అందరి మీద లొల్లి చేసిన. చింతపండు డేరాల పెట్టినందుకు అక్క మీద, ముందుగాల చూడనందుకు ఆయన మీద. చాయ తాగి చల్లబడ్డంక అసలు సంగతి అడిగిన. అడగకుంట నేను ఉండలేను.

"ఇగ పోదామా ఇంటికి? చెప్పు. జీపు తిప్పుతనా?"

"ఎందుకు? నేను పండుకున్న గద. పండనిది నువ్వు."

"గొళ్లెం లేకుంట ఎట్ల పట్టిందే నిద్ర?"

అక్క చాయ గ్లాసు కింద పెట్టింది. "తోపుల ఉన్నన్ని దినాలు మన తలుపు ఎవడన్న కొట్టిండా?"

"తోపుల తలుపేడిది?"

"అదే చెప్తున్న."

నేను నా గ్లాసు పట్టుకొని దగ్గరికి జరిగిన. 

"పోలీస్ యాక్షన్ అయినంక డప్పులు కొట్టుకుంట ఇండ్లకు మర్లినం గద," అన్నది. "అప్పుడు అత్త మన లోపటర్రల ఎందుకున్నదనుకున్నవ్? చుట్టపుచూపుకు వచ్చిందనుకున్నవా?"

"నాకు బొమ్మలు చేసిస్తుండె."

"అవ్. చేతులకు పని లేకుంటె వణుకుతుండె, అందుకు చేసింది. బయట మంది తిరుగుతుండ్రి, రజాకార్ల మీది కచ్చ తీర్చుకోనీకి కట్టెలు పట్టుకొని. మన ఊరోళ్లు కాదు. ముసల్మానుల ఇండ్లు ఏవి, ఎవలింట్ల దాసిండ్రు అని ఇల్లిల్లు తలుపు కొడుతుండ్రి. అమ్మ అన్నది, నేను తీస్తె నా ముఖం చూసి కనిపెడుతరు, నువ్వు తియ్యి అని. నేనే తీసిన. వచ్చినప్పుడల్ల నేనే తీసిన. అమ్మ చేనుకు పోయింది, ఇంట్ల నేను చెల్లె అని చెప్తుంటి. ఒకడు నీళ్లడిగిండు. చెంబు తెచ్చిచ్చిన. తాగుకుంట లోపటర్ర దిక్కే చూసిండు. నువ్వు ఆ అర్ర గడప మీద కూసొని దూది బొమ్మకు తలదువ్వుతున్నవ్. వాడు నిన్ను చూసి నవ్వి పోయిండు."

నది అవతల కోతులు లొల్లి చేస్తున్నయి. మా ఆయన మ్యాపు మడతపెడుతున్నడు, పెట్టిందే మళ్ల పెడుతున్నడు.

"అత్తను ఆమె పెనిమిటి వచ్చి పట్నం తీసుకపోయేదాక నేను తలుపుకాడనే పండుకున్న. గొళ్లెం ఏసి ఉంటె కొట్టుడు ఇనొస్తది. ఇనొస్తె లేచి పోనీకి జర టైం దొరుకుతది. ఎయ్యకుంటె సీదా లోపటికి వస్తరు. ఏ ఇంట్ల ఎవలు దాగున్నరో ఏమో. అంతే, అలవాటైంది. ఈ గుడ్డకు ఎవడు తలుపు కొడ్తడు? మంచిగ పండుకున్న."

"మరి తోపుల?"

"తోపుల కూడ మంచిగనే పండుకున్న."

"అంటె నేను చెప్పిందే నిజం! ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు గెలిచినవని ఊరంత చెప్పుకుంటవ్. పిక్నిక్ అని ఆడపిల్లలకు పాఠం చెప్పేదానివి, ఇంటికి మర్లినంక ఏమైందో ఎన్నడన్న అడిగినవా? ఎప్పుడు చూడు తోపు, తోపు."

చరిత్ర చెప్పేదాన్ని. రజాకార్ల గురించి అడిగిన, బాపు గురించి అడిగిన, సంఘం గురించి ఎంతమందినో కూసొబెట్టి అడిగిన. ఒకే బొంత కింద పండుకున్న మనిషిని మాత్రం తోపు దాటి ఒక్క ప్రశ్న అడగలే. అక్క తలుపు పెట్టుకొని చూసేది బయటి దిక్కు అనుకున్న. ఆమె చూసేది లోపటి దిక్కు.

ఆ తర్వాత ఇంకా రెండు రాత్రులు అక్కడనే ఉన్నం. ఆమె జిప్పు సగం తీసి పెట్టి, ఏనుగు మళ్ల వస్తదేమో అని చూసుకుంట పండుకున్నది. రాలే. తువ్వాల పీలికలు పొదల దొరికినయి, ఏరుకున్నది. సాయంత్రం కాంగనే నిప్పుల మీద ఇసుక పోయనీకి లేస్తుండె, మా ఆయన నిప్పుకు అడ్డం నిలబడుతుండె. సింహాన్ని చూసి పెద్ద ముచ్చట పడలే. జిరాఫీ కాడికి మాత్రం దినాం పోవాలన్నది.

లుసాకాకు మర్లి ఇంట్లకు వస్తనే అక్క తలుపుకాడ ఆగింది. చెయ్యి గొళ్లెం మీదికి పోయింది. నేను అడ్డం పోయి నేనే వేసిన, రెండుసార్లు ఆడించి చూసిన, గడియ పడ్డదా లేదా అని.

"ఇగ నువ్వు పోయి పండుకో. ఎవరన్న కొడితె నేను లేస్త."

అక్క నన్ను పైకి కిందికి చూసింది.

"నువ్వు లేస్తవా? తొండం వస్తెనే నోరు మూయాల్సొచ్చింది," అన్నది. అని, నిజంగనే పోయి లోపటర్రల పండుకున్నది.